కొల్లేటి నీటికి దారి వదలండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కొల్లేరు అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దగ్గరే ఉండాలా, మూడుకు దించాలా అన్న వాదన 1999 నుంచి వింటున్నాం. 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ఆ ఏడే ప్రకటించారు. 2008లో శాసనసభ మూడుకు కుదించమని తీర్మానించింది. ఐదే ఉంచాలని 2011లో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ చెప్పింది. నేను లంక గ్రామాలకు ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరైనవాణ్ణి. మావులు (చేపల బోనులు) పెట్టి చేపలు పట్టుకుని బతికిన కుటుంబం మాది. ఇంత వాదనలో నీళ్ల దారి ఊసే రాకపోవడం నాకు బాధగా ఉంది.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పొలాల డ్రెయిన్లు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ పూడిపోయి, ఆక్రమణలతో ఇరుకైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచడం అందరూ టీవీల్లో చూశారు. ఆ నీళ్లే తర్వాత మా మీదికొచ్చాయి. పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు గుర్రపుడెక్క అడ్డం పడింది, లంకల రోడ్లు మునిగాయి. వెనక అంత వరదొచ్చినా సరస్సు నాలుగు పక్కలా పరుచుకునేది. ఇప్పుడా చోటంతా చేపల చెరువుల గట్లే.

తొలకరి కొత్తనీరు తగలగానే కొర్రమీను, మట్టగిడస, వాలుగ అంచుల్లోని గడ్డిలోకి ఎక్కి గుడ్లు పెట్టేవి. గట్లు వేశాక ఆ అంచు లేదు. చెరువుల్లో పెంచేది బొచ్చె, శీలావతి. వాటికి వేసిన తవుడు, కోళ్ల ఎరువు, మందులు పట్టుబడి అయ్యాక నీళ్లతో సహా సరస్సులోకి తోడేస్తారు. పట్నాల మురుగు సరేసరి. ఆ బలంతో గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి. నాచు రాత్రంతా నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మా అమ్మ కొల్లేటి నీళ్లతోనే అన్నం వండేది. నా కోడలు టిన్ను నీళ్లు కొంటోంది.

చెరువులు తవ్వుకోమని 1970ల్లో మా సొసైటీలకు భూములిచ్చింది ప్రభుత్వమే. పెట్టుబడి లేక లీజుకిచ్చుకున్నవాళ్లే ఎక్కువ. లాభం ఎక్కడివాళ్లకో పోయింది, చెడిపోయిన నీరు మాకు మిగిలింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టినప్పుడు మా దగ్గర గండ్లు పెట్టి మట్టిని అక్కడే వదిలేశారు. ఏళ్లు తిరగకుండా ఆ మట్టితోనే మళ్లీ గట్లు లేచాయి.

ఈసారి గట్టు తీస్తే ఆ మట్టిని కొల్లేరు దాటించాలి, లంకల చుట్టూ కట్టలు ఎత్తు చేయడానికి వాడుకోవచ్చు. ఉప్పుటేరు తవ్వి, ఉప్పునీరు ఎగదన్నకుండా రెగ్యులేటరు కట్టాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే వరదో, ఉప్పో మాకు తప్పదు. మావులతో, వలలతో పట్టుకునేవారిని ఆక్రమణదారులతో కలిపి కేసులు పెట్టొద్దు. మట్టి ఎత్తే పనికి ముందుగా మా లంకల వాళ్లనే కూలికి పిలవాలి.

ఇట్లు,
విశ్రాంత పోస్ట్‌మన్,
కొల్లేటి లంక గ్రామం, కైకలూరు మండలం