దొంగ ముందుగా కోసే వైరు

విజయవాడ,
ఆదివారం రాత్రి

చిరంజీవి స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. మొన్న నువ్వు ఫోను చేసి, బండి ఎక్కడుందో చెప్పే జీపీఎస్ ట్రాకర్ నీ కొత్త స్కూటరుకు ఏది కొనాలని అడిగినప్పుడు తర్వాత చెబుతానులే అని పెట్టేశాను. అప్పుడు నా చేతిలో ఒక లారీ డాష్‌బోర్డు విప్పి ఉంది. డ్రైవరు పక్కనే నిలబడి నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు. పైగా ఇది ఫోనులో తేలే విషయం కాదు. మీ సెల్లారులో పక్క ఫ్లాటువాళ్ల బండి పోయిందని విన్నప్పటి నుంచి మీ అమ్మకు కంటి మీద కునుకు లేదు. "మూడు వాయిదాలు కూడా కట్టలేదు కదండీ" అని రాత్రి రెండుసార్లు లేపింది. అందుకే కొట్టు మూసి వచ్చి కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన లింకు తెరిచి చూశాను. 1,299 రూపాయలు, అగ్గిపెట్టెంత పెట్టె, వెనక అయస్కాంతం, "జీవితకాలం ఉచితం" అని ఎర్ర అక్షరాలు. ఆకాశంలోంచి ఉపగ్రహం కళ్లార్పకుండా స్కూటరును చూస్తున్నట్టు బొమ్మ కూడా వేశారు. ఉపగ్రహానికి మన బండి కనపడదు అమ్మా. అది తన చోటు, తన సమయం చెప్పుకుంటూ పోతుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, లెక్క కట్టుకుని, "నేను ఫలానా చోట ఉన్నాను" అని తెలుసుకునేది బండిలో ఉన్న పెట్టె. ఆ తెలిసిన సంగతి నీదాకా రావాలంటే మళ్లీ సిమ్ము, సెల్ టవరు కావాలి. అంటే ఆ పెట్టెలో సగం మామూలు ఫోనే. దాన్ని కొనేటప్పుడు కూడా ఫోను కొన్నట్టే ఆలోచించు. ఏ సిమ్ము, ఎవరి పేరున ఉంటుంది, చార్జింగు ఎంతసేపు నిలుస్తుంది?

ఇప్పుడు దొంగ సంగతి. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, పోయి దొరికిన బండ్లు రిపేరుకు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాడి పని చూస్తే ఒక్కోసారి మా పనివాళ్లకంటే శుభ్రంగా ఉంటుంది. హ్యాండిల్ లాకు కాలితో ఒక్క తన్నుకు విరుగుతుంది. తాళంచెవి పెట్టే ఇగ్నిషన్ సాకెట్ పీకి, వైర్లు కలిపి డైరెక్ట్ చేస్తాడు. తెలిసినవాడైతే ఆ తర్వాత సీటు ఎత్తి చూస్తాడు. ఎందుకంటే పదిమందిలో తొమ్మిదిమంది మెకానిక్కులు ట్రాకర్‌ను అక్కడే, బ్యాటరీ పక్కనే, పైకి కనపడేలా టేపు చుట్టి వదిలేస్తారు. వాళ్లకు అది పావుగంట పని. దొంగకు అంతకూడా అక్కర్లేదు, ఒక్క కటింగ్ ప్లయరు చాలు.

కాబట్టి ఏ పెట్టె చూసినా ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకో. బ్యాటరీ వైరు కోసేశాక ఇది ఏం చేస్తుంది? లోపల సొంత బ్యాటరీ ఉన్నదైతే ఇంకొన్ని గంటలు బతికి, కరెంటు పోయిందని నీకు కబురు పెడుతుంది. లేనిదైతే వైరుతోపాటు దాని కథ ముగిసినట్టే. ఆ కబురు ఎలా వస్తుందో కూడా అడుగు. కొన్ని యాప్‌లో ఒక చిన్న శబ్దంతో సరిపెడతాయి. రాత్రి ఫోను సైలెంటులో పెట్టి పడుకునే అలవాటు నీది. తెల్లారి చూసుకుంటే బండి ఏ జిల్లా దాటి ఉంటుందో. నేరుగా ఫోను చేసేది ఉంటే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకో. ఆ నంబరుకు సైలెంటులోనూ మోగేలా మినహాయింపు పెట్టుకో.

సిమ్ము దగ్గర ఒక సంగతి చెప్పాలి. నాకు తెలిసిన ఒకాయన వ్యాను పోయింది. ట్రాకర్ ఉంది, నేనే బిగించాను. పొద్దున్నే కొట్టుకు పరిగెత్తుకు వచ్చి ఫోను చూపించాడు. మ్యాపులో వ్యాను వాళ్ల ఇంటి ముందే ఉంది. ఆయన తన ఇంటి ముందు నిలబడి ఆ చుక్క వైపు, ఖాళీ రోడ్డు వైపు మార్చి మార్చి చూసి వచ్చాడట. విషయమేమిటంటే ఏడాది చందా అయిపోయి రెండు నెలలైంది. అమ్మినవాళ్లు గుర్తు చేయలేదు, ఈయన చూసుకోలేదు, సిమ్ము ఆగిపోయింది. చివరిసారి మాట్లాడిన రోజు వ్యాను ఇంటి ముందే ఉంది కాబట్టి యాప్ ఆ చుక్కనే చూపిస్తూ కూర్చుంది. ఆ రోజు ఆయన ముఖం చూశాక, నా చేత్తో బిగించిన ప్రతి పెట్టెకూ చందా ముగిసే తేదీ నా డైరీలో రాసుకుంటున్నాను. నాకు పైసా రాదు, అయినా సరే.

ఈ పెట్టెల్లో ఎక్కువగా 13 అంకెల నంబరున్న సిమ్ములు ఉంటాయి, యంత్రాల కోసం ఇచ్చేవి. అవి కంపెనీ పేరునే ఉంటాయి, నువ్వు దుకాణానికి వెళ్లి రీచార్జి చేయించుకోలేవు. కంపెనీ తలుపు మూస్తే నీ పెట్టె మూగబోతుంది. అందుకే "జీవితకాలం" అన్న మాట చూస్తే ఎవరి జీవితకాలమో అడగాలనిపిస్తుంది. రెండో ఏడాదికి ఎంత కట్టాలో బిల్లు మీద రాయించుకో. నీ సొంత సిమ్ము వేసుకునే రకం కొంటే అది 4జీదో కాదో చూడు. చవక పెట్టెలు ఇంకా 2జీ మీదే నడుస్తున్నాయి. నీది జియో సిమ్ము, వాళ్లకు 2జీ నెట్‌వర్కే లేదు. రెండూ విడివిడిగా మంచివే, కలిపితే మాత్రం పలకవు.

సెల్లారులో ఉపగ్రహాల సిగ్నలు అందదని తెలుసుకో. స్లాబు కింద పెట్టెకు ఆకాశం లేదు కదా. అక్కడ ఉన్నంతసేపు అది పాత చోటే చూపిస్తుంది, లేదంటే టవరును బట్టి అంచనా వేసి పక్క వీధిలో ఉందంటుంది. కంగారు పడకు. అక్కడ నీకు అక్కరకు వచ్చేది బండి కదిలితే చెప్పే అలారం, అది కూడా కింద సెల్ సిగ్నలు ఉంటేనే. ముందు నీ ఫోను పట్టుకుని బండి పెట్టే మూలకు వెళ్లి చూసి రా. మీ వాచ్‌మన్ కార్లకు దారి ఇవ్వడానికి బండ్లు జరుపుతూ ఉంటాడన్నావు. అలారం మరీ సున్నితంగా పెడితే రోజుకు పదిసార్లు మోగుతుంది, నాలుగో రోజున విసుగెత్తి నువ్వే ఆపేస్తావు. నువ్వు ఆపేయకుండా భరించగలిగినంతలోనే పెట్టుకో.

ఇక బ్యాటరీ లెక్క. ఇది దుకాణంవాడు చెప్పడు. నీ స్కూటరు బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో దాని మీదే రాసి ఉంటుంది, 3 ఆంపియర్ అవర్లు అనుకుందాం. పెట్టె ఎప్పుడూ మెలకువగా ఉండి 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే ఆ మూడింటిలో రోజుకు 0.72 ఖర్చు. అంటే నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ పలకదు. అదే పెట్టె బండి ఆగినప్పుడు నిద్రపోయి 5 మిల్లీ ఆంపియర్లే లాగితే రోజుకు 0.12, మూడు వారాలు దాటి నిలుస్తుంది. నువ్వు సంక్రాంతికి వచ్చి పది రోజులు ఉంటావు. అందుకని నిద్రపోయే రకమే కావాలి. డబ్బా మీద ఈ అంకె లేకపోతే కొని తెచ్చాక నేను మీటరు పెట్టి చూస్తాను, నచ్చకపోతే తిప్పి ఇచ్చేద్దాం. బిల్లు పారేయకు.

ఇంజను ఆపే రిలే, అంటే ఫోను నుంచి చెబితే కరెంటు తెంపే స్విచ్చు, ఉన్నది తీసుకోవాలా అని అడిగావు. ఫోనులో ఒక్క మీట నొక్కితే దొంగ నడిరోడ్డు మీద ఆగిపోతాడని వీడియోలో చూపించారన్నావు కదా. ఫ్లైఓవర్ మీద వెనక బస్సు వస్తుండగా స్కూటరు ఉన్నట్టుండి ఆగిపోతే ఏమవుతుందో ఆ వీడియోలో చూపించలేదు. దొంగ సంగతి అలా ఉంచు, ఏదో పొరపాటున అది నువ్వు నడుపుతున్నప్పుడే జరిగితే? రిలే పెట్టుకుంటే బండి ఆగాక మళ్లీ స్టార్టు కాకుండా చేసేదే పెట్టాలి, నడుస్తున్న బండిని ఆపేది వద్దు. అది కూడా సెల్ఫ్ వైరుకు మాత్రమే పెడితే కిక్ కొట్టి వెళ్లిపోతాడు. వారంటీలో ఉన్న కొత్త బండి వైర్ల కట్టను కోయడం నాకు ఇష్టం లేదు. నీ బండికి రిలే వద్దు అన్నదే నా మాట.

ఇంకో కారణం కూడా ఉంది. 2022లో మైకోడస్ అనే కంపెనీ ఎంవీ720 ట్రాకర్‌లో పెద్ద లోపాలున్నాయని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థే హెచ్చరించింది. ఎక్కడో కూర్చున్నవాడు బండి ఎక్కడుందో చూడగలడు, ఇంధనం కూడా ఆపేయగలడు అని తేలింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 123456. నా దగ్గరికి వచ్చే పెట్టెల్లో చాలావాటికి ఇప్పటికీ అదే, ఎవరూ మార్చరు. నువ్వు మొదటి రోజే మార్చు, పుట్టినరోజు తేదీ పెట్టకు.

మీ స్నేహితురాలు తాళంచెవికి తగిలించే బ్లూటూత్ బిళ్ల చాలంది అన్నావు. దానిలో జీపీఎస్ ఉండదు, సిమ్ము ఉండదు. చుట్టుపక్కల వెళ్లేవాళ్ల ఫోన్ల మీద ఆధారపడి చోటు చెబుతుంది. తాళాలు పోగొట్టుకునేవాళ్లకు, అంటే నీకు, బాగానే పనికొస్తుంది. దొంగతనానికి మాత్రం ఒక చిక్కుంది. తెలియని బిళ్ల ఏదో వెంట తిరుగుతోందని దొంగ ఫోనుకే హెచ్చరిక వెళ్తుంది. ఆడపిల్లల వెంట ఎవరూ రహస్యంగా పడకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. రెండోదిగా సీటు లోపల ఒకటి దాచుకుంటే దాచుకో, దాన్నే నమ్ముకోకు.

ఇది రాస్తుంటే మీ అమ్మ వెనక నిలబడి చదివి, "ఆ యాప్ నా ఫోనులో కూడా వేయించండి, పిల్ల ఎక్కడుందో చూసుకుంటాను" అంది. వద్దన్నాను. ట్రాకర్ బండి కోసం కొంటున్నాం, నీ కోసం కాదు. ఏ రోజు ఎక్కడికి వెళ్లావో, ఎన్ని గంటలకు ఇల్లు చేరావో ఆ మ్యాపులో గీతలతో సహా ఉంటుంది. అది నీ దగ్గరే ఉండాలి. అడిగినా నాకు కూడా పాస్‌వర్డ్ ఇవ్వకు. దుకాణంవాడు అమ్మేటప్పుడు తన ఫోనులో లాగిన్ అయి చూపిస్తే, అప్పుడే అక్కడి నుంచి తీసేయించు. అలారం ఫోను వెళ్లే రెండో నంబరుగా మాత్రం నాది పెట్టు. వైరు తెగిందన్న కబురు చాలు నాకు. మీ అమ్మ ఇప్పుడు వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే సర్దుతోంది.

నిజంగానే అలాంటి రాత్రి వస్తే 112కు ఫోను చెయ్యి. మ్యాపులో చుక్క దగ్గరే కనపడినా నువ్వూ నీ స్నేహితులూ వెతుక్కుంటూ బయలుదేరవద్దు. బండి కదా, పోతే పోనీ. దగ్గర్లో ఏ స్టేషన్‌కు వెళ్లినా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, మా పరిధి కాదనడానికి లేదు. లైవ్ లింకు వాళ్లకు పంపు. ఆర్‌సీ, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఫోటోలు ఫోనులోనే కాకుండా మెయిల్లో కూడా ఉంచుకో.

బీమా కాగితం ఒకసారి తీసి చూడు. కొత్త బండికి ఐదేళ్ల బీమా ఉందని నిశ్చింతగా ఉన్నావు. ఆ ఐదేళ్లూ థర్డ్ పార్టీకే, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే. దొంగతనానికి డబ్బు వచ్చే భాగం సాధారణంగా మొదటి ఏడాదికే ఇస్తారు, తర్వాత ఏటేటా మనం కట్టుకోవాలి. అది తప్పిపోతే ట్రాకర్ ఉన్నా, ఎఫ్ఐఆర్ ఉన్నా పైసా రాదు. ఆ తేదీ, ట్రాకర్ చందా తేదీ రెండూ నా డైరీలో రాస్తాను, నాకు చెప్పు.

బిగించే పని మాత్రం ఎవరికీ ఇవ్వకు. పెట్టె ముందు ప్యానెల్ లోపల పెడదామని నా ఆలోచన. అక్కడంతా ప్లాస్టిక్కు, సిగ్నలుకు అడ్డం ఉండదు, విప్పాలంటే స్క్రూలన్నీ తీయాలి. వైరు బండి సొంత వైరింగు పక్కనుంచే, అదే రంగు స్లీవులో పోనిస్తాను. చేత్తో మెలిపెట్టి టేపు చుడితే మే నెల ఎండకు జిగురు కారి ఊడుతుంది కాబట్టి టంకం పెట్టాలి. బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజు. సీటు కింద, దొంగ చూసే చోట, పాత చెడిపోయిన పెట్టె ఒకటి టేపు చుట్టి పెడతాను. అది కోసి సంతోషిస్తాడు.

వచ్చే శనివారం పొద్దున శాతవాహనలో బయలుదేరి మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో దిగుతాను. ఆలోగా పెట్టె కొని ఉంచు, డబ్బా మాత్రం విప్పకు. బండి పోతే బీమావాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు. రెండోది ఎక్కడ పెట్టావో నేను వచ్చేలోగా వెతికి ఉంచు.

ఇట్లు,
మీ నాన్న