మైకు ఇచ్చేది మూడు నిమిషాలు

సంపాదకుడి గారికి,

అమెరికా బడుల్లో తల్లిదండ్రుల మాటకు విలువ ఎక్కువని మనవాళ్లు తరచూ అంటుంటారు. ఇద్దరు పిల్లల్ని ఇక్కడి ప్రభుత్వ బడికి పంపుతున్నవాడిగా దానికో చిన్న సవరణ.

ఇక్కడ ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్. దానికి చాలాచోట్ల ఎన్నికైన బోర్డు ఉంటుంది. ఆ బడులన్నిటికీ పై అధికారి అయిన సూపరింటెండెంట్‌ను అదే నియమిస్తుంది. సమావేశాలు బహిరంగమే, ఎవరైనా మాట్లాడొచ్చు. కానీ మైకు మన చేతికొచ్చేసరికి కాగితాలన్నీ సిద్ధమై ఉంటాయి. మా డిస్ట్రిక్ట్‌లో లెక్కల పుస్తకాలు మార్చినప్పుడు నాకు మూడు నిమిషాలిచ్చారు. టీచర్లకు ట్రైనింగ్ ఎప్పుడని అడిగాను. బజర్ మోగింది, థ్యాంక్యూ అన్నారు, కాసేపటికే ఓటింగ్ అయిపోయింది.

పెద్ద డిస్ట్రిక్ట్‌లూ ఇలాగే దెబ్బతిన్నాయి. 2013లో లాస్ ఏంజెలెస్ ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇస్తామంది. 6 లక్షలకు పైగా పిల్లలు, 100 కోట్ల డాలర్లు దాటే పథకం. మొదట 47 బడులకు 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. అందులో రావాల్సిన పాఠాలు అప్పటికింకా పూర్తి కాలేదు. పంచిన కొద్ది రోజులకే హైస్కూలు పిల్లలు కొన్ని సైట్లను అడ్డుకునే ఫిల్టర్‌ను దాటేసి ఫేస్‌బుక్‌లోకి వెళ్లిపోయారు (వాళ్ల తెలివికి నాకైతే ముచ్చటేసింది). 2014 ఆగస్టులో కాంట్రాక్టు ఆపేశారు, అక్టోబరులో సూపరింటెండెంట్ జాన్ డీసీ రాజీనామా చేశారు. నా దృష్టిలో ఆ 47 బడులు మొదటి విడత అయ్యాయే తప్ప పరీక్ష కాలేదు. పరీక్ష అంటే ఫెయిలయ్యే అవకాశం కూడా ఉండాలి. విడత అంటే రెండోది వచ్చి తీరాల్సిందే.

2017 డిసెంబరులో బోస్టన్ బడివేళలు మార్చబోయింది. టీనేజీ పిల్లలకు పొద్దున నిద్ర చాలాలన్న ఉద్దేశం మంచిదే. ఏ బడి ఎప్పుడు మొదలైతే బస్సులు సరిపోతాయన్న లెక్క ఎంఐటీ పరిశోధకుల అల్గారిథమ్ తేల్చింది. దాంతో చాలా ప్రాథమిక బడులు ఉదయం 7:15కే మొదలై మధ్యాహ్నం 1:15కే వదిలేయాల్సి వచ్చేది. ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారని తల్లిదండ్రులు గొడవ చేశారు. ఆ నెలలోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.

అందరినీ అడుగుతూ కూర్చుంటే ఏ మార్పూ రాదని బోర్డు సభ్యులు అంటారు. నిజమే. నేను అందరినీ అడగమనడం లేదు. రేపు తరగతిలో దాన్ని మోయాల్సిన టీచర్లను, దాన్నిబట్టి ఇంటి పనులు సర్దుకోవాల్సిన తల్లిదండ్రులను అడిగితే చాలు. అదీ ప్రతిపాదన రాసేటప్పుడే. దాంతోపాటు ఒక్క పేజీ జత చేయాలి: ట్రైనింగ్ ఎన్ని రోజులు, ఎవరిస్తారు, ఏం జరిగితే ఈ మార్పును ఆపేస్తాం. మూడోదే ఎవరూ రాయరు. ఆ పేజీ లేని ప్రతిపాదనను ఓటుకు పెట్టొద్దని మా బోర్డుకు కూడా రాశాను.

– ఇద్దరు బడిపిల్లల తండ్రి, అమెరికా