రోడ్డు పోసే ముందు నా ఆర్డర్ల పుస్తకం ఒకసారి చూడండి సారూ

కడప నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారాలు.

ఆషాఢం వచ్చింది. షామియానాలు మడిచి అటకెక్కించి, కుర్చీలు కడిగి మిద్దె మీద ఆరబెట్టి, ఏడాదికోసారి దొరికే ఈ తీరికలో మీకు ఉత్తరం రాస్తున్నా. నాది అల్మాస్‌పేట వైపు చిన్న టెంట్ హౌస్. మా నాయన వెదురు గుంజలు, కొబ్బరి పీచు తాళ్లతో మొదలుపెట్టిన వ్యాపారం. ఇప్పుడు ఇనుప పైపులు, జనరేటరు, ఎల్‌ఈడీ తోరణాల దాకా వచ్చింది. మా చుట్టుపక్కల ఏ వీధిలో ఏ నెలలో ఏం జరుగుతుందో నా ఆర్డర్ల పుస్తకం తిప్పితే తెలిసిపోతుంది. పెండ్లి, పేరంటం, ఫాతెహా, దినాలు, వినాయక మంటపం, క్రిస్మస్ స్టేజీ, అన్నీ అందులోనే ఉంటాయి.

మా వీధుల్లో సిమెంటు రోడ్లు, కాలువలు, కొత్త లైట్లు వేయబోతున్నారని మొన్న వార్డు సచివాలయంలో చెప్పారు. సంతోషమే. గుంతలే కావాలని ఎవడూ అడగడు. నేను అడిగేదల్లా ఒకటే. రోడ్డు గీసే మీ ఇంజనీర్లు వీధిని బండ్లు పోయే దారిగానే లెక్కేస్తారు. మాకు అది అంతకంటే ఎక్కువ. కల్యాణ మండపం అద్దె కట్టలేని ఇంటికి వీధే కల్యాణ మండపం. రెండు గదుల ఇంట్లో పెద్దాయన పోతే వచ్చిన వాళ్లు కూచునేది వీధిలోనే. ఆ లెక్క కూడా మీ ప్లానులో ఉండాలి.

మొదట గుంజల సంగతి చెప్తా, ఎందుకంటే నా తలనొప్పి అక్కడే ఉంది. మట్టి రోడ్డున్నప్పుడు గడ్డపారతో మూరెడు గుంత తీసి గుంజ నిలబెట్టి, నాలుగు రాళ్లు దట్టించి, చివర గూటం కొట్టి తాడు బిగిస్తే గాలివాన వచ్చినా పందిరి కదిలేది కాదు. సిమెంటు రోడ్డు వచ్చాక గూటం ఎక్కడ కొట్టాలి? డబ్బాల్లో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టే దిమ్మెలు చేయించినా. నీడ వరకైతే అవి చాలు, గాలికి ఆగవు. అందుకే అందరం చేసే పని ఒకటుంది, దాచుకోవడం దేనికి. రాత్రి పది దాటినాక డ్రిల్లింగ్ మిషను పెట్టి కొత్త రోడ్డుకే బొక్కలు పెడతాం. పెండ్లయినాక ఆ బొక్కల్లో ఇసుక పోసి వెళ్లిపోతాం. రెండు వానలకు ఇసుక కొట్టుకుపోతుంది, నీళ్లు కిందికి దిగుతాయి, అంచులు పెచ్చులూడతాయి. ఏడాది తిరిగేసరికి అక్కడ పళ్లెమంత గుంత. మీరు పోసిన రోడ్డును మొదట పాడు చేసేది లారీలు కాదు సార్, మేము.

కొన్నేళ్ల కిందట ఒక నిఖా పందిరికి అట్లే బొక్క పెడుతున్నాం. జానెడు కూడా దిగలేదు, కింద నుంచి నీళ్లు మనిషెత్తు ఎగజిమ్మినాయి. కుళాయి పైపు, పైపైన పరిచి సిమెంటు కప్పేసి పోయినారెవరో. రాత్రి పదకొండు గంటలు, తెల్లవారితే పెండ్లి. మా పిల్లోడు గోనెసంచి ముద్ద చేసి దాని మీద కూచున్నాడు, వాడినీ లేపేసింది. ఎదురింటి అవ్వ కిటికీ తెరిచి చూసి, "ఏమ్రా నాయనా, పందిరెయ్యమంటే బోరేసినావే!" అనింది. వీధంతా నవ్వులు. పెండ్లికూతురి తండ్రి ఒక్కడే నవ్వలేదు. "తిట్లన్నీ పొద్దున తిడతాలే భాయ్, ముందు నీళ్లాపు" అన్నాడు. వాల్వు ఎక్కడుందో తెలిసిన మనిషి దొరికేసరికి ఒంటిగంట. రెండు రోజులు ఆ వీధికి ట్యాంకరు నా ఖర్చుతో తోలించినా. తప్పు నాదే, ఒప్పుకుంటా. పైపు అంత పైన ఉండటం మాత్రం నా తప్పు కాదు.

ఇంకోసారి బొక్కలు పెట్టడం ఎందుకులే అని తాడు తీసుకుపోయి కరెంటు స్తంభానికి కట్టినా. అది మరీ పెద్ద తప్పు. ఎండాకాలం సుడిగాలికి షామియానా లేచి, పైపు పడి వడ్డించే పిల్లోడి భుజం ఎముక విరిగింది. ఆ పిల్లోడిప్పుడు పెద్దవాడై నా దగ్గరే పని చేస్తున్నాడు. చలికాలంలో ఆ భుజం పట్టుకుంటాడు. నేను చూడనట్టు ఉంటా.

దీనికి మందు పెద్ద ఖర్చుదేం కాదు. రోడ్డు పోసేటప్పుడే వీధికి రెండు అంచుల్లో, పందిరి పడే చోట్ల, అడుగు పొడవు ఇనుప గొట్టాలు నిలువుగా పాతించండి. లోపల మూడంగుళాల వెడల్పు ఉంటే మా పైపు సుఖంగా దిగుతుంది. గొట్టం అడుగున కంకర పోస్తే నీళ్లు నిలవకుండా ఇంకిపోతాయి. పైన రోడ్డుకు సమానంగా మూత, ఆ మూత ఊడిపోకుండా చిన్న గొలుసు. పది పదిహేను అడుగులకు ఒకటి చాలు. వీధి పొడవునా అక్కర్లేదు. ప్రతి వీధిలో రామనవమి పందిరి ఎక్కడేస్తారో, వినాయకుణ్ణి ఎక్కడ పెడతారో పసిపిల్లలు కూడా చూపిస్తారు. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టించుకోండి. కుళాయి పైపు ఎటు పోతుందో గోడ మీద ఒక బాణం గుర్తు కూడా వేయిస్తే మాకు అర్ధరాత్రి బోర్లు వేసే బాధ తప్పుతుంది.

ఇక రోడ్ల ఎత్తు. మన ఊరి పేరు గడప నుంచి వచ్చిందంటారు. తిరుమల పోయేవాళ్లకు దేవుని కడప వెంకన్న గుడే తొలి గడప అని మా నాయనమ్మ చెప్పేది. గడప పేరు పెట్టుకున్న ఊళ్లో ఇప్పుడు గడపలే రోడ్డుకు దిగువన ఉండాయి. పాత రోడ్డు పెళ్లగించకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి. మా వీధిలో ఒకింటికి ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నాం. ఆ ఇంటి ముసలామె ముగ్గు వేసేందుకు గడప దగ్గర ఒక గట్టు కట్టించుకుంది, నీళ్లు రాకుండా అది, ముగ్గుకు చోటూ అదే. 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగినప్పుడు నా గోడౌన్‌లోకి నీళ్లొచ్చి తివాచీలన్నీ బురదలో నానినాయి. వంక పొంగితే ఎవరేం చేస్తారు. మామూలు వానకే ఇంట్లోకి నీళ్లొస్తే మాత్రం అది రోడ్డు చేసిన పనే. పాత పొర తీసి, పాత మట్టానికే కొత్తది పోయించండి. టెండరులో ఆ పెళ్లగింపు ఖర్చు రాయకపోతే ఏ కాంట్రాక్టరూ ఊరికే చేయడు, నేనైనా చేయను.

పీర్ల చావిడి ముందు గుండం తవ్వే చోటుంటుంది. ఏటా మొహర్రంకు అదే చోట తవ్వి నిప్పులు పోస్తారు, హిందువులూ ముస్లింలూ చుట్టూ తిరుగుతారు. ఆ చోటు మీద సిమెంటు పోసేస్తే వచ్చే ఏడు గడ్డపారలతో పగలగొట్టక తప్పదు. దాన్ని గుండ్రంగా వదిలేసి ఇటుకలు పరిస్తే పండక్కి ఇటుకలు తీసుకుంటారు, అయిపోయాక మళ్లీ పరుచుకుంటారు. చావిడి పెద్దలను ఒక్కమాట అడిగితే కొలత వాళ్లే చెప్తారు.

అసలు సంగతి తేదీలది. ఇక్కడే నా పుస్తకం మీకు పనికొస్తుంది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో పండగలన్నీ వెనక్కి జరిగినాయి. వినాయక చవితి సెప్టెంబరు 14న, దసరా అక్టోబరు 20న. చాంద్రమానంలో అధికమాసం లేని ముస్లిం పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తాయి. మన ఊరి పెద్ద దర్గా ఉరుసు ఉత్సవం 2024లో నవంబరు మధ్యలో జరిగింది. ఆ లెక్కన ఈసారి అక్టోబరు ఆఖర్లో పడుతుంది. అంటే దసరా మంటపాలు విప్పీ విప్పకముందే గంధం, చాదర్లు, ముషాయిరా అనే ఉర్దూ కవి సమ్మేళనం, రాష్ట్రం నలుమూలల నుంచి జనం. దానికి తోడు అక్టోబరు, నవంబరుల్లో మన జిల్లాకు గట్టి వానలు పడతాయి. ఆ రెండు నెలల్లో దర్గా దారుల్లో గానీ, వై.వి. స్ట్రీటు, ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల గానీ కాలువ తవ్వి వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బొమ్మలు, గాజులు, కోవా అమ్ముకునే తోపుడు బండ్లోళ్లు ఏడాది తిండి ఆ నాలుగు రోజుల్లో వెతుక్కుంటారు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని అందులో రాసుంది. ఏ వీధి ఎప్పుడు తవ్వుతారో ఆ కమిటీలో ముందే చెప్తే బండి ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లే చూసుకుంటారు.

వచ్చే ఏడు ఇంకా గమ్మత్తు. 2027 ఫిబ్రవరి రెండో వారంలో రథసప్తమి, రంజాన్ ఉపవాసాల మొదలు రెండూ కలిసే వస్తున్నాయి. పగలు దేవుని కడపలో రథం, సాయంత్రం మసీదుల దగ్గర ఇఫ్తార్ పందిళ్లు. నా షామియానాలు చాలవు, ప్రొద్దుటూరు నుంచి తెప్పించాలి. కాంక్రీటు పూర్తి గట్టిదనానికి 28 రోజులు లెక్క అని మీ ఇంజనీర్లకు నేను చెప్పాలా. జనవరి పదో తేదీ లోపల పోస్తేనే రథం నాటికి ఆ రోడ్డు పక్వానికి వస్తుంది. దాటిపోతే రథం అయ్యాకే మొదలుపెట్టండి. అరకొర పచ్చి రోడ్డు మీద రథ చక్రం దిగితే రథమూ ఆగుతుంది, రోడ్డూ పోతుంది. రథం తిరిగే దారిలో స్పీడు బ్రేకర్లు వద్దు. తప్పదంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతకే వేయించండి: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మా సందుల్లో ఉన్నవి స్పీడు బ్రేకర్లు కాదు, పిట్టగోడలు. వంటపాత్రల ఆటో వాటి మీద ఎక్కి దిగేసరికి సాంబారు సగం రోడ్డుకే వడ్డన.

ఉగాది నాడు ముస్లింలు దేవుని కడపకు వచ్చి స్వామిని చూసుకుని పోవడం ఈ ఊరి ఆనవాయితీ. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అంటారు. తెల్లవారకముందే బురఖాల్లో అమ్మలక్కలు, చంకన పిల్లలు, చేతిలో కొబ్బరికాయ, చింతపండు సంచి. వాళ్లలో నడిచొచ్చేవాళ్లే ఎక్కువ. ఆ దారిలో కాలిబాట కావాలి. 1.8 మీటర్లుండాలని నియమం ఉంది. అంత చోటు లేదంటే కనీసం కాలువ మీద బండలు సమానంగా పరిపించి, లైట్లు వెలిగేట్టు చూడండి.

మీకు అనువైన రోజులు లేవని కాదు. ఇప్పుడు నడుస్తున్న ఆషాఢంలో మేం పెండ్లిళ్లు చేయం. ఇదే సమయంలో సఫర్ నెల, మా వీధుల్లోని ముస్లిం ఇళ్లలోనూ చాలామంది శుభకార్యాలు పెట్టుకోరు. ఆగస్టు 12 అమావాస్య దాకా మా వీధులన్నీ మీవే. తవ్వుకోండి, పోసుకోండి, మడి కట్టి నీళ్లు నిలిపి తడుపుకోండి, అడ్డొచ్చేవాడు లేడు. శ్రావణం వచ్చిందంటే నా ఫోను ఆగదు. పుష్యమాసం కూడా అట్లాంటిదే, జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆరు దాకా, సంక్రాంతి వారం తప్ప. అందులోనూ రథం దారి మాత్రం ముందే చెప్పినట్టు జనవరి పది లోపలే.

మా వైపు తప్పులు కూడా రాయకపోతే ఈ ఉత్తరం సగమే. విందు అయ్యాక ఇస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన అన్నం కాలువలోకి తోసేసేది మేమూ మా వంటోళ్లూ. మర్నాడు కాలువ పొంగితే కార్పొరేషన్‌ను తిట్టేదీ మేమే. పందిరికి అనుమతి ఇచ్చేటప్పుడు కొంత డిపాజిట్టు కట్టించుకోండి. మర్నాడు పారిశుద్ధ్య మేస్త్రీ వచ్చి చూసి బాగుందంటే తిరిగివ్వండి, లేదంటే పట్టుకోండి. మొదట నా డిపాజిట్టే పట్టుకున్నా అడగను. కాకపోతే తిరిగివ్వడానికి ఆరు నెలలు తిప్పుకోకండి.

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వస్తున్నా. గత మూడేళ్ల ఆర్డర్ల పుస్తకాలు తెస్తా. ఇంటి పేర్లు, ఫోన్ నంబర్లు తప్ప వీధి, తేదీ, పందిరి కొలత జెరాక్స్ తీసుకోండి. తెలిసిన వెల్డరు చేత ఆ గొట్టం ఒకటి చేయించి పెట్టినా, మూత, గొలుసుతో సహా. సెక్యూరిటీ వాళ్లు ఇనుప గొట్టం చేతిలో చూసి లోపలికి రానీయరేమోనని మా పిల్లోడు భయపడుతున్నాడు. గేటు దగ్గర ఒక్కమాట చెప్పి ఉంచండి సార్.

ఇట్లు
అల్మాస్‌పేట వైపు ఒక షామియానా సప్లయరు, కడప