ఎలుక బొక్కకు వెడల్పు పార పనికిరాదు

సంపాదకులకు,

అయ్యా,

వరి పొట్టకొచ్చే రోజులు రాగానే వ్యవసాయ పేజీల్లో ఎలుకల మీద ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, జింక్ ఫాస్ఫైడ్ 2 పాళ్లు అని ఎర లెక్క వివరంగా ఉంటుంది. చివర్లో మాత్రం ‘బొక్కలు తవ్వి ఎలుకలను చంపాలి’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. దేంతో తవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, తవ్విన ఒడ్డును (పొలం గట్టును) మళ్లీ ఎట్లా కట్టాలి అన్నది ఉండదు. మూలకున్న పార పట్టుకుపోతే చాలనుకుంటారు కాబోలు. చాలదు.

మన వరి ఒడ్లలో ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు. దాని బొక్క ఇంచుమించు 3 అంగుళాల వెడల్పుంటుంది. అంగట్లో దొరికే మామూలు పార రేకు 9, 10 అంగుళాలు. మట్టి లాగి తట్టకెత్తడానికి, మడికి నీళ్లు మళ్లించడానికి చేసిన పార అది. దాంతో బొక్క వెంట పోతే ప్రతి దెబ్బకూ కావలసినదానికి మూడింతల మట్టి లేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. వెడల్పు దెబ్బకు సొరంగం పైకప్పు లోపలికి కూలి దారి మూసుకుపోతుంది. ఇక ఎలుక ఎటు పోయిందో అంతుపట్టక అటొక దెబ్బ, ఇటొక దెబ్బ వేస్తారు. నాలుగు ఎలుకల కోసం రెండు గజాల ఒడ్డు లేచిపోతుంది. ఎలుకలు తిన్న వడ్లకన్నా ఆ ఒడ్డు తెగి పోయే నీళ్ల నష్టమే ఎక్కువ.

ఈ పనికి రేకు వెడల్పు నాలుగున్నర నుంచి 5 అంగుళాలు దాటకూడదు. పొడవు 9, 10 అంగుళాలు ఉండాలి, పొట్టిదైతే లోతుకు పోయేసరికి కామ ఒడ్డుకు తగులుతుంది. కొస కొద్దిగా గుండ్రంగా ఉండాలి. మరీ సూదిగా ఉంటే గట్టి మట్టిలో దిగుతుంది గానీ సొరంగం అడుగును శుభ్రంగా గీకలేదు. చదరంగా ఉంటే మూలలు రాళ్లకు తగిలి మడతపడతాయి. రేకు బరువు కిలో లోపే మంచిది. బరువు పార మొదటి పది దెబ్బలకు హాయిగా అనిపిస్తుంది, తర్వాత చెయ్యి అదుపు తప్పుతుంది. బొక్క తవ్వకంలో బలం కన్నా అదుపే ముఖ్యం.

ఇట్లాంటిది అంగట్లో దొరకడం కష్టం, కమ్మరి కొలిమి దగ్గర చేయించుకోవాల్సిందే. లారీ కమాను పట్టా ముక్క తీసుకుపోతే దాన్నే సాగగొట్టి చేస్తారు. పట్టా మందంగా ఉంటుంది కనుక కొసవైపు బాగా పలచన చేయమని చెప్పాలి. నీళ్లు పట్టించేది, అంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచేది, కొస రెండు అంగుళాల మేరకే. రేకంతా గట్టిపడితే రాయి తగిలినప్పుడు పెళుసుగా విరుగుతుంది. అసలు పట్టించకపోతే వారం తిరక్కుండా అంచు చుట్టుకుపోతుంది. కామ దూర్చే కన్ను రేకుతో ఏకంగా కొట్టిందై ఉండాలి. అతుకు పెట్టిన పార ఆ అతుకు దగ్గరే ఊడుతుంది, ముఖ్యంగా రాయిని ఎత్తడానికి పారనే మీటగా వాడేవాళ్ల చేతిలో. కొనేముందు రేకును వేలాడదీసి చిన్న రాయితో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది.

కామకు ఎండిన తుమ్మ కర్ర చాలు. ఒడ్డు మీద వంగి చేసే పని కాబట్టి పొడవు రెండున్నర, 3 అడుగులు సరిపోతుంది. పచ్చికర్ర వేస్తే యాసంగి ఎండలకు కుంచించుకుపోయి పార ఊగుతుంది. అప్పుడు నీళ్లలో నానబెట్టడం ఒక పూటకే పనికొస్తుంది, చీల కొట్టడమే సరైన మార్గం. రేకు, కామ మధ్య కోణం మామూలు పారకన్నా కొంచెం మూసినట్టుండాలి. అప్పుడే మట్టి ఎగిరిపడకుండా మనవైపు జారుతుంది.

పారతో పాటు గడ్డపార, కుర్పీ (కలుపు తీసే చిన్న చేతి పనిముట్టు) కూడా ఉండాలి. గడ్డపార కొనల్లో ఒకటి మొనగా, ఒకటి ఉలిలా చదునుగా ఉంటుంది. ఒడ్డు మీద వాడాల్సింది చదును కొన. మొనతో పొడిస్తే సొరంగం ఎక్కడుందో తెలియకుండానే దానిలోకి దిగబడి కప్పు కూలుతుంది.

నేలను బట్టి పద్ధతి కొంత మారుతుంది. చల్క నేల (ఎర్ర నేల) ఎండితే రాయిలా ఉంటుంది, ముందురోజు సాయంత్రం ఒడ్డు మీద నాలుగు బిందెల నీళ్లు చల్లితే తెల్లారి పార సాఫీగా దిగుతుంది. రేగడిలో తడి ఎక్కువైతే మట్టి రేకుకు అంటుకుని పార రెండింతల బరువెక్కుతుంది. వెదురు బద్ద ఒకటి నడుముకు చెక్కుకుని నాలుగైదు దెబ్బలకోసారి గీకేయాలి. మడి నీళ్లు తీసిన మూడు నాలుగు రోజులకు రేగడి తవ్వడం సుళువు. అన్నిటికన్నా ఇబ్బంది దుబ్బ నేలతో, అంటే ఇసుక నేలతో. అక్కడ సొరంగం తనంతట తానే కూలుతుంది కనుక తవ్వకముందే పచ్చి పుల్లను లోపలికి తోసి, దాని వెంటే తవ్వుతూ పుల్లను ముందుకు జరుపుతూ పోవాలి. నిజానికి ఏ నేలలోనైనా ఈ పుల్ల అలవాటు మంచిదే. దారి ఎటు తిరిగిందో, ఎంత లోతుందో అదే చెబుతుంది.

తవ్వడానికి ముందురోజు సాయంత్రం బొక్కలన్నీ బురదతో మూసెయ్యాలి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్న బొక్కలు. మిగతావాటిని తవ్వడం దండగ, ఒక్క పందికొక్కు బొక్క తప్ప. పందికొక్కు బొక్క దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటుంది. చాలాసార్లు అది లోపలినుంచే నోరు పూడ్చుకుంటుంది, కనుక కొత్త మట్టి ఉంటే మూసి ఉంది కదా అని వదిలేయకూడదు. తర్వాత ఎలుక తప్పించుకునే దొంగదారులు కనిపెట్టాలి. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి వేసి నిప్పంటించి, మూతిని బొక్కకు ఆనించి చిల్లులోంచి ఊదితే పొగ ఎక్కడెక్కడినుంచి వస్తుందో చూసి వాటన్నిటినీ రాళ్లతో బిగించొచ్చు. ఎలుకలు పట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు పార ముట్టేముందు చేసే పని ఇదే.

నోటి దగ్గర మొదలుపెట్టి సొరంగం కప్పును మాత్రమే ఎత్తుతూ పోవాలి, పక్కగోడలు ముట్టొద్దు. దారి చీలిన చోట రెండో దారిని గుడ్డ ముక్కతో బిగించి మొదటిది ముగించాలి. కంకులు దాచిన గది, గడ్డి పరిచిన పిల్లల గూడు వేర్వేరుగా ఉంటాయి. గింజల గది దొరకగానే పని అయిపోయిందని లేచిపోయేవాళ్లే ఎక్కువ. గూడు మిగిలితే నెల తిరిగేసరికి అదే ఒడ్డులో మళ్లీ కొత్త మట్టి కుప్పలు లేస్తాయి. చివరి జానెడు పారతో కాదు, కుర్పీతో తీయాలి.

ఆ చివరి జానెడులో చెయ్యి మాత్రం పెట్టొద్దు. ఎలుకల కోసం నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు అదే బొక్కలో దూరుతాయి. బొక్క నోరు నున్నగా, సాలెగూళ్లు లేకుండా ఉండి కొత్త మట్టి లేకపోతే పాము ఉందేమోనని అనుమానించాలి. కుబుసం ముక్క కనబడితే ఆ బొక్క జోలికి పోవద్దు. ఉడుము ఉన్నా అంతే, దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం. కాళ్లకు గంబూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. ఎలుక మూత్రం కలిసిన తడి మట్టి కోసుకున్న చర్మానికి తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. జింక్ ఫాస్ఫైడ్ ఎర వేసిన బొక్కను తవ్వకూడదు. తడి తగిలితే దానినుంచి విషవాయువు వస్తుంది. ఎర వేయడమో, తవ్వడమో, ఒక ఒడ్డు మీద ఒక్క పద్ధతే.

ఇప్పుడు కొందరు కుర్రవాళ్లు ఫోన్లలో ఇంగ్లండు వీడియోలు చూసి అక్కడి సన్న పారలు తెప్పించుకోవాలనుకుంటున్నారు. అక్కడివాళ్లు ఫెర్రెట్ అనే ముంగిసలాంటి పెంపుడు జంతువును కుందేలు బొరియలోకి వదులుతారు. బెదిరిన కుందేలు బయటకొచ్చి వలలో పడుతుంది. ఒక్కోసారి ఫెర్రెట్ లోపలే కుందేలును చంపి అక్కడే ఉండిపోతుంది. దాని మెడపట్టీలోని చిన్న యంత్రం ఎక్కడుందో పైనుంచి పసిగట్టి సన్న రేకు పారతో నిలువు గుంట తీస్తారు, చివర్లో ఫెర్రెట్‌కు దెబ్బ తగలకుండా చేత్తో మట్టి తీస్తారు. రేకు సన్నగా ఉండాలన్న సంగతి మనకూ పనికొస్తుంది. ఆ పార మాత్రం పనికిరాదు. అది కాలితో తొక్కి నిలువుగా దింపేది, మన ఒడ్డు మీద అడ్డంగా లాగే పనికి కుదరదు. కుందేలు విషయం అసలే వేరు. మన చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డి దుబ్బు కింద పడుకుంటుంది, కనుక దానికోసం తవ్వడమే అర్థంలేని పని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని వేట నేరం కూడా.

తవ్విన చోటును అట్లా వదిలేస్తే తొలి తడికే గండి పడుతుంది. వదులు మట్టినంతా ఒకేసారి నింపి కాలితో తొక్కితే పైన గట్టిపడి లోపల గుల్లగా మిగులుతుంది. జానెడు మందాన మట్టి వేసి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, దానిమీద ఇంకో పొర వేయాలి. చెరువు కట్టలను, కాకతీయ కాలువ గట్లను మాత్రం ఎవరూ సొంతంగా తవ్వొద్దు. అక్కడ పందికొక్కులు కనబడితే నీటిపారుదల శాఖ సిబ్బందికి చెప్పాలి.

వానకాలం నాట్లకు ముందు ఈ కొలతలతో పార బొమ్మ ఒకటి మీ వ్యవసాయ పేజీలో వేస్తే, రైతులు దాన్ని కత్తిరించుకుపోయి కొలిమి దగ్గర చూపించుకుంటారు.

ఇట్లు,
కొందరు వరి రైతులు,
పరకాల, హనుమకొండ జిల్లా