బ్లాకు తెప్పించి చూసిన పాథాలజిస్టు మేడమ్‌కి కృతజ్ఞతలు

తమ్ముడి గొంతు ఆపరేషన్ అయింది. తుది రిపోర్టు చేతికొచ్చింది: గ్రాన్యులార్ సెల్ ట్యూమర్, క్యాన్సర్ కాదు, అంచుల్లో ఏమీ మిగల్లేదు. నిద్ర లేక రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మొదటి బయాప్సీలో స్క్వామస్ కార్సినోమా (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్) అనుమానమని రాశారు, రేడియేషన్ మాట కూడా ఎత్తారు. రెండో అభిప్రాయానికి స్లైడ్లు పట్టుకెళితే, మేమెవరమో తెలియని ఆ మేడమ్ ముందు ముక్క ఎంతుందో చూశారు. "అంతా పైపొరే వచ్చిందమ్మా, బ్లాకు తెండి" అన్నారు. బ్లాకంటే బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి దాచే దిమ్మ, స్లైడ్లకి దాన్నుంచే పలచగా కోస్తారట. ఈ కణితి పైనుండే పొర ఒక్కోసారి మందంగా పెరిగి, వేళ్ళలా లోపలికి దిగుతుంది. చూడ్డానికి అచ్చం క్యాన్సరే. అసలు కణాలు దాని అడుగున ఉంటాయి. బ్లాకును ఇంకా లోతుగా కోయిస్తే ఓ మూల కాసిని దొరికాయి. నరాలకి తొడుగులా ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే గడ్డ కాబట్టి, ఆ కణాల్లో ఉండే ప్రోటీన్‌ని రంగుతో చూపే ఎస్-100 పరీక్షలో గోధుమ రంగు గట్టిగా పట్టింది. నన్ను మైక్రోస్కోపు రెండో కంటిగొట్టం దగ్గర కూర్చోబెట్టి చూపించారు: కణం నిండా గులాబీ రంగు రవ్వ, మధ్యలో చిన్న న్యూక్లియస్. "దీనికి రేడియేషన్ వద్దు, పూర్తిగా కోసి తీస్తే చాలు." ఫీజు తీసుకోలేదు. అక్కడే ఏడ్చేశాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. బయాప్సీ ఫారంలో "స్వరతంత్రి మీద గడ్డ" అని రాసి వదిలేశారు. వెనక భాగాన, నునుపైన పొర కింద, పసుపుపచ్చగా ఉందని ఎండోస్కోపీలో చూసిందే రాసుంటే ఈ గడ్డ మీద అనుమానం అప్పుడే వచ్చేది. ఇక బ్లాకులు అడిగితే ఈ కౌంటరు కాదు ఆ కౌంటరని తిప్పారు. మన ముక్క మనకివ్వడానికి ఇన్ని సంతకాలా?

సర్జన్ గారు స్వర లిగమెంటును (స్వరతంత్రి లోపలి పట్టీని) కాపాడుతూ మొత్తం తీశారు. అమ్మ, మరదలు, బావగారు, మీకు వేరే చెప్పాలా.

అయ్యో, మత్తు డాక్టరు గారిని మర్చిపోయాను. శ్వాసగొట్టం సరిగ్గా గడ్డ ఉన్న వెనక వైపే ఆనుతుంది. అందుకే 5 నంబరు సన్న గొట్టం వేశారు, లేజరు వాడినంతసేపూ ఆక్సిజన్ 30 శాతం దాటనివ్వలేదు. గుసగుసలు కూడా గొంతుకి శ్రమేనని, అసలు మాట్లాడొద్దని పలక ఇచ్చిన స్పీచ్ థెరపిస్టు గారికీ థాంక్స్. ఆ, మూసేసిన కౌంటరు మళ్ళీ తెరిచి బ్లాకు వెతికిచ్చిన ల్యాబ్ అబ్బాయికి కూడా. పేరు అడగలేదు బాబూ.