నల్లాలో బుస్సుమనే చప్పుడు మామూలుది కాదు

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ముందు పైపులు గుడగుడమంటాయి, తర్వాత బుస్సుమని గాలి కొడుతుంది, ఆ వెనక ఎర్రగా, ఒక్కోసారి వాసనతో నీళ్లు దిగుతాయి. ఏళ్ల తరబడి వింటున్న చప్పుడు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. పోయిన ఎండాకాలం మా వీధిలో ముగ్గురు పిల్లలకు వరుసగా కామెర్లు అయ్యాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని ముప్పై ఏళ్లు పంపుల దగ్గరే బతికినవాణ్ని, తెలిసింది నలుగురికీ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

పైపు చప్పుడు చేస్తే మనవాళ్లు ముందు గోడ పగలగొట్టిస్తారు. మా పక్కింట్లో అదే జరిగింది. రాత్రిపూట గోడలోంచి ధబ్, ధబ్ మని వినిపిస్తుంటే కిరాయికున్నవాళ్లు భయపడి ఖాళీ చేస్తామన్నారు. బాత్రూం టైల్స్ తీయించారు, వేలు ఖర్చయ్యాయి, చప్పుడు మాత్రం పోలేదు. నేను వెళ్లి విన్నాను. వాషింగ్ మెషీన్ నీళ్లు తీసుకోవడం ఆపిన ప్రతిసారీ ఆ చప్పుడు వస్తోంది. మెషీన్ లోపలి వాల్వు రెప్పపాటులో మూసుకుంటుంది. అప్పటిదాకా పైపులో పరుగెత్తుతున్న నీళ్లకు పోయే దారి లేక ఆ ఊపంతా పైపు గోడల మీద పడుతుంది. వాళ్లు ప్రెషర్ పంపు కూడా పెట్టించారు కాబట్టి ఊపు ఇంకా ఎక్కువ.

రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లోనే ఈ లెక్క తేల్చాడు. ఇనుప పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోతున్న నీటిని ఒక్కసారిగా ఆపితే చదరపు సెంటీమీటరుకు 12, 13 కిలోల ఒత్తిడి అదనంగా పుడుతుంది. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చేది ఒక్క కిలోనే. ప్లాస్టిక్ పైపులో దెబ్బ ఇంతకంటే తక్కువే, కానీ జాయింట్లు వదులు కావడానికి అది చాలు. మా ఊళ్లో చెరువు తూము దగ్గరుండే నీరటి ఎప్పుడూ కొద్దికొద్దిగానే తీసేవాడు, కొద్దికొద్దిగానే మూసేవాడు. నీటి ఊపు ఆయనకు తెలుసు. పక్కింట్లో మెషీన్‌కు వెళ్లే నల్లాను సగం మూసి, ఊగుతున్న పైపుకు రబ్బరున్న క్లాంపులు రెండు బిగించాం. ఆ రాత్రి నుంచి చప్పుడు లేదు.

మోటారు ఆపగానే ధన్ మంటే, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఆలస్యంగా పడుతోందని అర్థం, స్ప్రింగు రకం వేస్తే సరిపోతుంది. ట్యాంకు నిండబోతుండగా గుయ్యిమంటే, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వు వాషర్ అరిగిపోయింది. సోలార్ హీటర్ వాడినప్పుడు గోడలో టక్ టక్ మంటే వేడికి పైపు సాగుతోంది. వేడినీళ్లకు వేసే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు పది మీటర్లది 40 డిగ్రీలు వేడెక్కితే అంగుళం దాకా పెరుగుతుంది, దాన్ని గట్టిగా బిగించకుండా కదలడానికి కాస్త సందు ఇవ్వాలి. ఇవన్నీ ఇంటి చప్పుళ్లు, ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

బుస్సుమనే చప్పుడు సంగతి వేరు. నీళ్లు రాని గంటల్లో వీధి పైపు ఖాళీ అవుతుంది, అందులో గాలి చేరుతుంది. వదిలినప్పుడు ఆ గాలే ముందు బయటికి వస్తుంది. మన గుట్టల ఊళ్లో మిట్ట మీది ఇళ్లకు ఇది ఎక్కువ. అంతవరకు ప్రమాదం లేదు. కానీ నల్లా పైపుకే నేరుగా మోటారు బిగించి లాగితే లైన్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు పైపుకు ఎక్కడ చిల్లున్నా నీళ్లు బయటికి కారడానికి బదులు బయటివే లోపలికి వస్తాయి. మా గల్లీలో పైపు మురిక్కాలువ పక్కనుంచే పోతుంది. గోదావరి నీళ్లను దేవాదుల ఎత్తిపోతల ద్వారా ధర్మసాగర్ రిజర్వాయరు దాకా తెచ్చుకుంటున్నాం. అంత కష్టపడి తెచ్చి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపిన నీళ్లను గడప దగ్గర మనమే మురికి చేసుకుంటున్నాం. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

మోటారు పెట్టినవాళ్లను తిట్టి లాభం లేదు. చివరి ఇళ్లకు ధార సన్నగా వస్తే వాళ్లేం చేస్తారు? నల్లాను రోడ్డు మట్టానికి కిందున్న సంపులోకి దానంతటది పడనిచ్చి, మోటారును సంపుకే పెట్టుకోవాలి. సంపు కట్టుకోలేని వాళ్లకు నాలుగిళ్లకో సిమెంటు తొట్టి కట్టించినా చాలు. నీళ్లు వదిలే లైన్‌మన్లు పెద్ద వాల్వును ఒకేసారి తిప్పకుండా మెల్లగా తీసేలా అధికారులు చూడాలి. మిట్టల దగ్గర గాలి పోయే వాల్వులు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. నీళ్లు వచ్చే టైము ముందే తెలిస్తే సగం మంది మోటారు వేసే తొందరే పడరు.

మా గల్లీలో నాలుగిళ్ల వాళ్లం మోటార్లు తీసేశాం. అయితే లైన్ మీద ఒక్క మోటారు మిగిలినా మురికి అందరి బిందెల్లోకీ వస్తుంది. అధికారులు ఒక్కసారి నల్లా వచ్చే టైముకు గల్లీలో నడిస్తే చాలు, ఏ ఇంట్లో మోటారు లాగుతోందో చెవికే తెలిసిపోతుంది. మాకు ఉదయం ఐదున్నరకు నీళ్లు వదులుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ