గత వారం బంగినపల్లి పెట్టెల్లో వచ్చిన నల్ల మచ్చల గురించి

బెంగళూరు మారతహళ్లిలోని మా దుకాణంలో గత వారం బంగినపల్లి మామిడి పెట్టెలు కొన్నవారిలో చాలామంది, మూడో రోజుకే పండ్ల మీద నల్ల మచ్చలు లేచాయని ఫొటోలు పంపారు. తప్పు మాదే. రసీదు లేకపోయినా డబ్బు తిరిగి ఇస్తున్నాము.

అది ఆంత్రాక్నోస్ అనే మచ్చ తెగులు. పూత, పిందె దశల్లో వాన పడితే, కొమ్మల్లోని ఎండుపుల్లల మీద ఉన్న శిలీంధ్ర బీజాలు చినుకులతో పాటు పిందెల మీదికి చేరి తొక్కలోకి చొరబడతాయి. కాయ పచ్చిగా ఉన్నంతకాలం అవి కదలవు. మగ్గడం మొదలయ్యాకే మచ్చలై విస్తరిస్తాయి. అందువల్లనే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో కోసిన రోజున నిగనిగలాడిన కాయ మీ ఇంట్లో నల్లబడింది.

మా రైతులు కార్బెండజిమ్ వంటి, శిలీంధ్రాలను చంపే రసాయన మందులు వాడరు. ఎండుపుల్లలు కత్తిరించి కాల్చేస్తారు, పూతలో బూడిద తెగులు కనిపిస్తే ఎండ తగ్గాక గంధకం చల్లుతారు. పూతకు ముందు కొట్టే 1 శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తాన్ని, కిలో సున్నాన్ని విడివిడిగా నీళ్లలో కలిపి, తర్వాత రెండూ ఒకటిగా పోసి మొత్తం 100 లీటర్లు చేసి, అందులో ఇనుప కత్తి ముంచి చూస్తారు; కత్తికి ఎర్రగా రాగి అంటితే సున్నం చాలలేదని ఇంకొంత వేస్తారు. అయితే మైలుతుత్తం రాగి లవణమే, ఏటేటా కొడితే నేలలో పేరుకుంటుంది. కాబట్టి మా పెట్టెల మీద అచ్చువేసిన ‘రసాయన రహితం’ అన్న మాట సరికాదు, దానిని తీసేస్తున్నాము. పశువుల ఎరువులో, వేపపిండిలో మాగబెట్టి పాదుల్లో వేసే ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం గురించి కూడా మేము గొప్పగా చెప్పాము. అది నేలలోని కుళ్లు తెగుళ్లకు పనికొస్తుంది గానీ కాయ మీది మచ్చను ఆపదు.

కార్బెండజిమ్ వంటి మందు కొట్టని కాయకు కోత తర్వాత మిగిలిన రక్షణ వేడినీరు. 52 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఫ్యాను కింద తడి ఆరబెట్టాలి. వేడి తగ్గితే తెగులు మిగిలిపోతుంది, పెరిగితే తొక్క కమిలిపోతుంది. గత వారం లోడు రాత్రి ఆలస్యంగా దిగింది, తొట్టిలో హీటరు చెడిపోయింది, ఆర్డర్లు ఆగకూడదని కాయలను ముంచకుండానే పెట్టెల్లో సర్దాము. ఆ నిర్ణయం తీసుకున్నది నేనే.

హీటరు మార్చాము. తొట్టి పైన ఒకటి, అడుగున ఒకటి థర్మామీటరు పెట్టి చూస్తే రెండింటికీ మూడు డిగ్రీల తేడా కనిపించింది. ఇప్పుడు నీటిని కలియబెడుతూ ఉండటానికి చిన్న పంపు బిగించాము. శనివారం దిగే మల్లిక రకం మామిడిలో ప్రతి తోట నుంచి పది కాయలను ముంచి, మగ్గబెట్టి చూశాకే మిగతావి అమ్ముతాము. అందువల్ల మల్లిక ఈ ఆదివారం దొరకదు, వచ్చే గురువారం నుంచి ఇస్తాము.